మైకు కట్టేశాక మిగిలే పాట

ఆరాధన గాయకుడి ఎదుగుదలను కొలవడానికి ఇప్పుడు అందరి చేతుల్లో ఉన్న కొలబద్ద యూట్యూబు. పాటకు ఎన్ని లక్షల వ్యూస్ వచ్చాయి, ఛానెల్‌లో ఎంతమంది చేరారు, వీడియో ఏ కొండల్లో తీశారు, ఏ సినిమా గాయనితో పాడించారు అని అడుగుతాం. ఈ లెక్కలు అబద్ధమేమీ కాదు గానీ, విన్నవాళ్లను లెక్కపెట్టడంతోనే అవి ఆగిపోతాయి. పాడినవాళ్లెందరో వాటికి తెలియదు. ఆరాధన పాట పుట్టిందే పదిమంది గొంతు కలపడానికి. కాబట్టి దాన్ని కట్టినవాడి జీవితకృషిని తూచాలంటే, అతను ఎన్నడూ అడుగుపెట్టని ఊళ్లో, అతని బ్యాండు లేని గదిలో, శ్రుతి జ్ఞానం అంతంతమాత్రంగా ఉన్న నలభైమంది నోళ్లలో ఆ పాట ఏమవుతోందో చూడాలన్నది నా వాదన. అలా చూడటానికి గుంటూరు, హైదరాబాదు పనికిరావు. అక్కడ తెలుగు గాలిలోనే ఉంటుంది. పాట కాస్త బలహీనంగా ఉన్నా భాష దాన్ని మోసేస్తుంది. భాషే వచ్చి పాటను ఊతగా పట్టుకునే చోటు కావాలి. పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే ఊరు ఖరగ్‌పూర్ అలాంటి చోటు.

హౌరా నుంచి మనవైపు వచ్చే రైలు దాదాపు 115 కిలోమీటర్లు నడిచాక తగిలే పెద్ద జంక్షన్ ఇది. దీని 1072 మీటర్ల ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని చాలాకాలం పిల్లలు బట్టీపట్టేవారు. ఆ పేరును 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి లాక్కుపోయాయి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకు తూర్పు తీరం వెంబడి వేసిన లైను కలిసిన తర్వాత, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గంజాం ప్రాంతాల పల్లెల నుంచి జనం వర్క్‌షాపు పనులకూ, లైను పనులకూ ఇక్కడికి చేరారు. రైల్వే క్వార్టర్లలో తెలుగు ఒక ముఖ్యమైన మాటగా స్థిరపడింది. 1928లో ఆ రైల్వే కార్మికుల సమ్మెను నడిపించిన వి.వి. గిరి కూడా బరంపురం తెలుగువారే. ఇన్ని తరాలు గడిచాక, 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. దాని వెనక ప్రధానంగా ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల కోరికే ఉంది. హోదా వచ్చినంత మాత్రాన చదువు రాదు కదా. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ, బడిలో ఇంగ్లీషు నడిచే ఊళ్లో మూడో తరానికీ నాలుగో తరానికీ అక్షరాలు జారిపోతాయి. మాట ఉంటుంది, దానికి తగిన లిపి ఉండదు. అప్పుడు ఆ భాషలో పొడుగాటి వాక్యాలు, ఇంట్లో వాడని మాటలు, వ్యాకరణం చెడకుండా నోటికి వచ్చే సందర్భాలు ఎన్ని మిగులుతాయి? పెళ్లిపాటలు, సినిమా పాటలు, పండగ భజనలు, చర్చికి వెళ్లేవాళ్లకు ఆదివారం పాటలు.

ఈ చివరిదాని బరువు తక్కువది కాదు. అమెరికన్ బాప్టిస్టుల బెంగాల్-ఒరిస్సా మిషన్‌కు ఖరగ్‌పూర్ ఒక కేంద్రం. దానికి పడమటనున్న ఛోటా నాగపూర్ నుంచి దక్షిణాన తమిళనాడు దాకా రకరకాల భాషల క్రైస్తవులు రైల్వే ఉద్యోగాలతో ఇక్కడ కలిశారు. తెలుగు సంఘాలు వాటి పాటలు అవి పాడుకున్నాయి. వాక్యం చెప్పే పాస్టరు గారు మారవచ్చు, బదిలీల మీద సంఘస్థులు వెళ్లిపోవచ్చు. రైలుపెట్టెలో సామానుతో పాటు వచ్చి మళ్లీ సామానుతో పాటు పోని వస్తువు పాటల పుస్తకమే.

ఇక్కడ ఒక చిన్న విచిత్రం గమనించాలి. తెలుగు క్రైస్తవ సాహిత్యానికి బెంగాల్ పరాయి నేల కాదు. తెలుగు కొత్త నిబంధన మొత్తంగా అచ్చయింది 1818లో, హుగ్లీ ఒడ్డున విలియం కేరీ బృందం నడిపిన శ్రీరాంపురం ముద్రణాలయంలో. అంతకు ముందే 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ విశాఖపట్నం వచ్చి అనువాదం మొదలుపెట్టారు. ఈ రెండు ఊళ్ల మధ్య సాగిన తీరపు దారిలోనే మన మొదటి పెద్ద ఆరాధన కవి పుట్టాడు. పర్లాకిమిడి దగ్గర 1803లో, వంగదేశపు మూలాలున్న బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌధరి 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాతి జీవితమంతా ప్రసంగీకుడిగా తిరుగుతూ గడిపి 1890లో కన్నుమూశారు. వందకు పైగా కీర్తనలు రాశారు. బెంగాలీ మూలాల మనిషి ఒరియా సరిహద్దులో కూర్చుని తెలుగులో పాట కట్టారు. ఆయన పోయిన కొన్నేళ్లకే ఆయన తిరిగిన దారిలోనే రైలుపట్టాలు పడ్డాయి, ఆ పట్టాల మీద ఎక్కి ఆయన కీర్తనలు బెంగాల్‌కు చేరాయి. ఆయన ఖరగ్‌పూర్ జంక్షన్‌ను చూడలేదు, చూసే వీలూ లేదు. నేను చెప్పే పరీక్షలో ఇంతకంటే సూటిగా నెగ్గిన గాయకుడు మరొకరు కనిపించరు.

ఆ గెలుపు కేవలం భక్తి వల్ల వచ్చిందంటే పనితనాన్ని తక్కువ చేసినట్టవుతుంది. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే పాట తలమీద రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. స్వరాలు రాసి ఉండవు. అంటే పుస్తకం అస్థిపంజరం ఇచ్చి ఊరుకుంటుంది, వరస నోటినుంచి నోటికి రావాలి. ఆ పుస్తకం చేతపట్టుకుని ఊళ్లు తిరిగితే ఒకే కీర్తనకు గోదావరి వైపు ఒక వరస, గుంటూరు వైపు ఇంకో వరస వినిపిస్తాయి. శాస్త్రకారుడికి ఇది లోపంగా తోచవచ్చు. పాటకు మాత్రం ఇదే ప్రాణం. పల్లవి మళ్లీ మళ్లీ రావడంతో అక్షరం రానివాడు మూడో చరణానికల్లా పాటలో కలిసిపోతాడు. ప్రాసలు, యతులు మరచిన మాటను గుర్తుచేస్తాయి. ఈ ఒడుపు చౌధరి కనిపెట్టింది కాదు. రామదాసు కీర్తనలు భజన మందిరాల్లో బతికింది ఈ ఒడుపుతోనే. దీనికి ఎదురు ఉదాహరణ అన్నమయ్య. రాగిరేకుల మీద వేల సంకీర్తనలు చెక్కించి తిరుమలలో భద్రంగా దాచినా, వందల ఏళ్లు అవి జనం నోట లేవు. ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ వరసలు కట్టి పాడించాల్సి వచ్చింది. భద్రపరిచినంత మాత్రాన పాట బతకదు. యూట్యూబు సర్వరు కూడా ఒక రకం రాగిరేకే.

ఇప్పటి ఆరాధన గాయకుడి బతుకుదారి చౌధరి దారికి చాలా దూరం వచ్చేసింది. సండేస్కూల్లో మొదలై, క్వైర్‌లో గొంతు నిలిచి, కీబోర్డు పట్టుకుని, యూత్ మీటింగుల్లో ఆరాధన నడిపించి, ఉజ్జీవ కూటాలకు పిలుపులు అందుకుని, సొంత పాట ఒకటి రికార్డు చేయించడం దాకా ఈ ప్రయాణం ఇంచుమించు అందరికీ ఒకటే. ఒకప్పుడు క్యాసెట్టు, తర్వాత సీడీ, ఇప్పుడు లిరికల్ వీడియో. డబ్బు సంగతి సామాన్య పాఠకుడికి అంతగా తెలియదు కాబట్టి చెప్పాలి. మన కాపీరైటు చట్టం, 1957లోని 52వ సెక్షను ప్రకారం నిజమైన మతకార్యంలో భాగంగా పాట పాడితే అది హక్కుల ఉల్లంఘన కాదు. అంటే దేశంలోని చర్చిలన్నీ ఒకే ఆదివారం ఒకే పాట పాడినా ఆ ఆరాధన మీద రాసినవాడికి పైసా రావాలన్న నియమం లేదు. 2012 సవరణ గేయరచయితలకూ సంగీత దర్శకులకూ రాయల్టీ హక్కును గట్టిపరిచింది గానీ, ఆ మేలు ముఖ్యంగా సినిమాలకూ వాణిజ్య ప్రసారాలకూ పనికొచ్చింది. మిగిలినవి మూడే: సభలకు పిలుపులు, విశ్వాసుల కానుకలు, ఆన్‌లైన్ వ్యూస్. మూడింటికీ మనిషి కనిపించాలి. పాట ఒక్కటే ఊళ్లు తిరిగితే జేబులోకి ఏదీ రాదు. గాయకుడు తెరమీద నిలబడక తప్పని స్థితి ఇలా ఏర్పడింది. దాన్ని గర్వమని కొట్టిపారేయడం తేలిక, కానీ న్యాయం కాదు.

పడమటి దేశాలు ఈ చిక్కును వేరేలా విప్పుకున్నాయి. 1984లో షికాగో కాథలిక్ అధిమేత్రాసనం అనుమతి లేకుండా పాటలు జిరాక్సు తీయించిందని ఒక ప్రచురణ సంస్థ వేసిన దావాలో జ్యూరీ 30 లక్షల డాలర్లకు పైగా పరిహారం విధించింది. ఆ మొత్తం తర్వాతి విచారణల్లో మారిపోయినా, చర్చిలకు పట్టిన భయం పోలేదు. 1988లో మొదలైన సీసీఎల్ఐ అనే లైసెన్సు పద్ధతి ఆ భయానికి మందు: చర్చి ఏటా కొంత రుసుము కడుతుంది, ఏయే పాటలు వాడిందో చెబుతుంది, రచయితకు వాటా అందుతుంది. అక్కడ రచయిత స్టేజి ఎక్కకపోయినా సంఘాలు అతని పాట పాడినందుకే ఆదాయం ఉంటుంది. ఇంగ్లండు గాయకుడు మ్యాట్ రెడ్‌మన్ సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. 1990ల చివర్లో వాట్‌ఫర్డ్‌లోని ఆయన సంఘంలో ఆరాధన మరీ కచేరీలా మారిపోయిందని కాపరికి అనిపించి, కొంతకాలం బ్యాండునూ సౌండు సిస్టమ్‌నూ పక్కన పెట్టించారు. వట్టి గొంతులతో గడిచిన ఆ రోజుల్లోనే రెడ్‌మన్‌కు పేరు తెచ్చిన ‘ది హార్ట్ ఆఫ్ వర్షిప్’ పుట్టింది. దశాబ్దం దాటాక ‘టెన్ థౌజండ్ రీజన్స్’ పాటకు 2013లో రెండు గ్రామీలు వచ్చాయి. మైకు కట్టేయడం ఒక గాయకుడి బతుకుదెరువును దెబ్బతీయకపోగా నిలబెట్టిందనడానికి ఇది సాక్ష్యం. అయితే ఆ కథను కూడా పరిశ్రమ చక్కగా అమ్ముకుందన్న సంగతి మరవకూడదు. కచేరీ వద్దన్న పాట కచేరీల్లో హిట్టయింది.

సంఘం నోటికి అందే పాట ఎలా ఉంటుందన్నది సంగీతం లెక్క. స్టూడియోలో పాట గాయకుడి గొంతుకు కొలతలు తీసి కుట్టిన చొక్కా. పై షడ్జమం దాటి మధ్యమం దాకా ఎగిరే చరణం, మధ్యలో ఎనిమిది ఆవర్తాల వేణువు, ఇంటర్‌లూడ్ తర్వాత శ్రుతి పెంచి మళ్లీ పల్లవి. మగ గాయకుడు హెచ్చు శ్రుతిలో పాడిన పాట సంఘంలో మగవాళ్లకు పైన అందదు, ఆడవాళ్లకు కింద అందదు. నడిమి గొంతులున్న కొద్దిమంది పాడుతుంటే తక్కినవాళ్లు చేతులెత్తి నిలబడతారు. చూడ్డానికి భక్తిగానే ఉంటుంది. కానీ సంఘం శ్రోతలుగా మారిన క్షణం అదే. కీర్తనల వరసలు చాలావరకు ఒక స్థాయిలో, మహా అయితే దానికి రెండు మూడు స్వరాలు అటూ ఇటూగా తిరుగుతాయి. ఎవరో పెద్దావిడ తన శ్రుతిలో ఎత్తుకుంటే మగవాళ్లు కింది స్థాయిలో అందుకుంటారు. కీబోర్డు వాయించే కుర్రాడు ఆ వారం సెలవులో ఉన్నా పాట ఆగదు. ఖరగ్‌పూర్ లాంటి ఊళ్లో ఈ మాటకు విలువ ఎక్కువ, ఎందుకంటే షిఫ్టు డ్యూటీల రైల్వే సంఘంలో ఆ కుర్రాడు ఏదో ఒక ఆదివారం లేకుండా ఉండడు.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. పాత కీర్తనల భాష ఎవరిది? సమాసాలు, సంస్కృత సంబోధనలు, కర్ణాటక రాగాల పేర్లు, ఇవన్నీ అగ్రహారం నుంచి వచ్చినవి. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెలంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. తెలుగు క్రైస్తవ సంఘం ప్రధానంగా దళితుల సంఘం. అలాంటప్పుడు చౌధరి కీర్తనను కొలమానం చేయడమంటే పై కులాల అభిరుచిని అందరి నెత్తినా రుద్దడం కాదా, ఇవాళ్టి సులువైన మాటల పాటే అసలు జనం పాట కాదా అని అడగవచ్చు. ఈ ప్రశ్నలో సగం నేను ఒప్పుకుంటాను. అర్థం తెలియకుండా వల్లించిన కీర్తనలు ఉన్నాయి. పాండిత్యం చూపడానికి రాసినవీ ఉన్నాయి. కానీ రెండో సగం చరిత్రకు నిలవదు. ఆ పాటల్ని రాగశాస్త్రం తెలియని సంఘాలే పట్టుకున్నాయి, తమ వరసల్లోకి, తమ డప్పు నడకల్లోకి మార్చుకున్నాయి, నచ్చనివాటిని పుస్తకంలోనే వదిలేశాయి. పుస్తకంలో ఉన్నవాటిలో సంఘాలు నిజంగా పాడేవి కొన్నే. ఆ ఏరివేత చేసింది పండితులు కాదు. తర్వాత వచ్చిన బైబిలు మిషన్ పాటలు, పంజాబు సిక్కు కుటుంబం నుంచి వచ్చి హైదరాబాదులో హెబ్రోను అనే సంఘాన్ని స్థాపించిన భక్తసింగ్ సహవాసాల సీయోను గీతాలు భాషను ఇంకా నేలకు దించాయి. సులువైన మాట కొత్త పాటల సొత్తు కాదు. పైగా సులువుకూ పలుచనకూ తేడా ఉంది. పది మాటల్నే తిప్పితిప్పి పాడే కోరస్ ఖరగ్‌పూర్ పిల్లవాడికి వెంటనే వస్తుంది, నిజమే. కానీ ఇంట్లో వినే పది మాటలే దాంట్లోనూ ఉంటే అతనికి కొత్తగా దక్కిన తెలుగు ఏమిటి? నోరు తిరగని మాటను తాళం సాయంతో మోయగలిగేది పాట ఒక్కటే.

పాడటానికే కాదు, వినడానికి కూడా భక్తిపాట ఉండాలని మరో మాట వస్తుంది. ఉండాలి. చర్చిలో ‘స్పెషల్ సాంగ్’ సంప్రదాయం ఎప్పటినుంచో ఉంది. రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉన్న మనిషికి చెవిలో మోగే పాట ఇచ్చే ధైర్యాన్ని నలభైమంది సమూహం ఇవ్వలేకపోవచ్చు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, చిత్ర లాంటి వాళ్లు పాడిన క్రైస్తవ గీతాలకు ఆ చోటు ఉంది, వాటిని సంఘం పాడలేకపోవడం తప్పూ కాదు. నా పేచీ పేరు దగ్గర. వినే పాటను భక్తిగీతం అందాం. ఆరాధన గాయకుడు అన్న బిరుదు తగిలించుకున్నాక మాత్రం సంఘం పాడగలిగిందా లేదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి. అలాగే పనిచేసినవాడికి కూలి ముట్టాలన్న మాట బైబిలులోనూ ఉంది కాబట్టి, పాట వాడుకునే సంఘాలు, ముఖ్యంగా డబ్బున్న పెద్ద సంఘాలు, చట్టం అడగకపోయినా రచయితకు ఏటా కొంత పంపే ఆచారం పెట్టుకోవచ్చు. కనిపిస్తే తప్ప కానుక లేదన్న ఒత్తిడి తగ్గితే, కనిపించకుండా పనిచేసే పాటలు పెరుగుతాయి. దీనికి గ్రామీలు అక్కర్లేదు.

ఇప్పటివాళ్లలో ఈ పరీక్షకు నిలిచినవాళ్లు లేరనడం లేదు. హోసన్నా మినిస్ట్రీస్ యేసన్న గారి పద్ధతి చూడండి. గుంటూరులో ఏటా జరిగే గుడారాల పండుగకు కొత్త పాటలు వచ్చేవి. వేలమంది కలిసి పాడుకుని, వరస నోటికి పట్టించుకుని ఊళ్లకు వెళ్లేవారు. 2012లో ఆయన పోయినా, ఆయన గొంతు వినని సంఘాల్లో సైతం ఆ పాటలు ఆగలేదు. హోసన్నాతో సంబంధమే లేని శాఖలవాళ్లు వాటిని పాడుకుంటారు, కొందరికి అవి ఎవరివో కూడా తెలియదు. రచయితకు ఇంతకు మించిన పారితోషికం ఏముంటుందో నాకు తెలియదు. ఎ.ఆర్. స్టీవెన్‌సన్ పాటలు క్యాసెట్టు కాలం నుంచి క్వైర్లలో తిరుగుతున్నాయి. అమెరికాలో ఉంటూ గేయాలు రాసే జాషువా షేక్, స్వరాలు కట్టే ప్రాణం కమలాకర్ జోడీది వేరే దారి: పెద్ద వాద్యబృందం, పేరున్న గాయకులు, సినిమా స్థాయి హంగు. వాటిలో కొన్ని వినడానికే మిగులుతాయి. కొన్నింటి పల్లవులు మాత్రం ఆ హంగంతా ఊడదీశాక కూడా నిలుస్తాయి. ఏవి నిలుస్తాయో తేల్చడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టవచ్చు. తీర్పు చెప్పేది ప్రవాసంలోనో, రైల్వే కాలనీలోనో ఉన్న చిన్న సంఘం.

ఆ చిన్న సంఘానికి ఇప్పుడు లిరికల్ వీడియోలు ఒక సాయం చేస్తున్నాయి, తెలుగు అక్షరాల కింద ఇంగ్లీషు అక్షరాల్లో కూడా పాట వేస్తున్నారు. తెలుగు చదవడం రాని పిల్లలకు అది పెద్ద ఊతం. కానీ ఆ అక్షరాలకు మన ధ్వనులన్నీ పట్టవు. హ్రస్వం దీర్ఘంగా, దీర్ఘం హ్రస్వంగా మారిపోతుంది. కలకూ కళకూ, పాటకూ పాతకూ అక్కడ ఒకే స్పెల్లింగు. తెర మీద ఆ మాట కనిపించినప్పుడు ఎక్కడ సాగదీయాలో తాళం చెబుతుంది. నాలుక ఎక్కడ ఆనించాలో మాత్రం పక్కన నిలబడి పాడుతున్న అమ్మమ్మ నోరు చూసి తెలుసుకోవాల్సిందే. స్పీకరు ధాటికి ఆమె గొంతు వినబడకపోతే, ఆ పిల్ల పాడుతున్నది పాటో పాతో ఆ పిల్లకే తెలియదు.